పురుగు తిన్న ఆకు: ప్రకృతిలోని ప్యాటర్న్‌లతో బొమ్మలు నేర్పిన ఒక కేసు

ఈ కేసు రాసిపెట్టుకోవడానికి కారణం ఒక కాగితం. దాని మీద చుక్కలు ఎనిమిది తిన్నని వరుసల్లో, సైకిల్ చక్రం పుల్లల్లా నిలబడి ఉంటాయి. ఒక పిల్ల పొరపాటున అలా గీసింది. నేను దాన్ని దిద్దించాను. దిద్దించకుండా ఉండాల్సిందని నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది.

నేపథ్యం

14 మంది పిల్లలు, పన్నెండు పదమూడేళ్లవాళ్లు. వారానికొక క్లాసు, గంటన్నరసేపు, మొత్తం పది వారాలు. చివర్లో గోడ మీద చిన్న ప్రదర్శన. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఇద్దరు పిల్లల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పక తప్పదు. వాళ్లను ఇక్కడ 'క' అనీ 'గ' అనీ పిలుస్తాను.

'క' చెయ్యి చాలా శుభ్రమైంది. గీత వణకదు, రంగు అంచు దాటదు. పక్కన రబ్బరు లేకపోతే పెన్సిల్ పట్టుకోదు. బాగా గీస్తుందని క్లాసంతా పేరుంది. ఆ పేరు నిలబెట్టుకోవాలన్న ఆరాటం ప్రతి బొమ్మలోనూ కనిపిస్తుంది. 'గ' దానికి తలకిందులు. 'నాకు రాదు టీచర్' అని ముందే చెప్పేసి కూర్చుంటుంది. అట్ట కోయమంటే, మట్టి పిసకమంటే ముందుకొస్తుంది. కాగితం కనబడితే వెనక్కి తగ్గుతుంది.

నా నోటుబుక్కులో లక్ష్యం ఇలా రాసుకున్నాను: ఒక్కొక్కరూ ప్రకృతిలోంచి ఒక వస్తువు తీసుకుని, దాని అమరిక ఏమిటో అర్థం చేసుకుని, దాంతో సొంత బొమ్మ ఒకటి వెయ్యాలి. ఇదే అంశం ఇంతకుముందూ నేర్పాను. కాబట్టి మొదటి క్లాసుకు ఎప్పటిలాగే స్లయిడ్లు సిద్ధం చేసుకున్నాను: 1899 నుంచి 1904 వరకు జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ అచ్చువేసిన సముద్రజీవుల చిత్రాలు, 1885లో మొదలుపెట్టి విల్సన్ బెంట్లీ అనే అమెరికన్ రైతు వేలకొద్దీ తీసిన మంచు స్ఫటికాల ఫొటోలు, అడ్డంగా కోసిన నాటిలస్ అనే సముద్రజీవి గుల్ల, పొద్దుతిరుగుడు పువ్వు. పిల్లలు ఆహా ఓహో అన్నారు. క్లాసు బాగా జరిగిందనుకున్నాను.

ఎదురైన సమస్య

రెండో వారం ఆకులు, కొమ్మలు, పైన్ కాయలు, గవ్వలు బల్లల మీద పెట్టి, నచ్చింది తీసుకుని బొమ్మ మొదలుపెట్టమన్నాను. క్లాసు అయ్యాక 14 కాగితాలూ నేల మీద పరిచి చూశాను. పదకొండింట్లో గుండ్రటి చక్రాలే. ఆకు తీసుకున్నవాళ్లు ఆకును ఎనిమిదిసార్లు చుట్టూ తిప్పి పువ్వు చేశారు, గవ్వ తీసుకున్నవాళ్లు గవ్వను తిప్పారు. మిగతా మూడింట్లో నాటిలస్ సర్పిలం, దాని మీద గళ్లుగళ్లుగా దీర్ఘచతురస్రాలు. 'గోల్డెన్ రేషియో టీచర్' అన్నాడు గీసినబ్బాయి గర్వంగా.

చూడ్డానికి అన్నీ బాగున్నాయి. గోడకు తగిలిస్తే తల్లిదండ్రులు మెచ్చుకుంటారు కూడా. నన్ను ఇబ్బంది పెట్టినవి 'క' చక్రంలోని ఆకులు. నడి ఈనె సరిగ్గా మధ్యలో, పక్క ఈనెలు అటూ ఇటూ జతజతలుగా, చేపముల్లులా. ఆమె బల్ల మీదున్న ఆకు అలా లేనే లేదు. తొడిమ దగ్గర ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంది. పక్క ఈనెలు జతలుగా లేవు, ఒకటి ఇటు, కాస్త పైన ఒకటి అటు. అవి అంచు దాకా పోకుండా మధ్యలోనే వంగి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. పైగా ఆ ఆకుకు ఒక చోట పురుగు తిన్న కన్నం ఉంది. క్లాసు మొదట్లోనే ఆమె దాన్ని నా దగ్గరికి తెచ్చి, 'ఇది పాడైంది టీచర్, మంచిది ఇవ్వండి' అని అడిగింది. ఇంకొకటి వెతకడానికి బద్ధకించి, 'దాంతోనే చెయ్యమ్మా' అన్నాను. ఆ బద్ధకమే తర్వాత పనికొచ్చింది.

మూడో వారం మొదట్లో ఒక చిన్న పరీక్ష పెట్టాను. వస్తువులన్నీ పెట్టెలో దాచేసి, పోయిన వారం గీసిందే మళ్లీ గీయమన్నాను. దాదాపు అవే బొమ్మలు వచ్చాయి, ఇంకాస్త వేగంగా. బల్ల మీద ఆకు ఉన్నా లేకున్నా బొమ్మ మారలేదంటే, ఆకు ఆ బొమ్మలోకి రానేలేదన్నమాట. నాకు కావలసిన రోగనిర్ధారణ అదే.

కారణం వెతికితే నా స్లయిడ్ల దగ్గరే తేలింది. హెకెల్ చిత్రాలు ప్రకృతి స్వయంగా గీసుకున్నవి కావు. ఒక గట్టి చిత్రకారుడు జీవుల్లోని సౌష్ఠవాన్ని ఏరి, దిద్ది, పేజీ మీద అందంగా సర్దిన బొమ్మలు. బెంట్లీ కూడా చక్కగా వచ్చిన స్ఫటికాలనే ఏరుకున్నాడు. ఆకాశం నుంచి రాలే మంచులో ఆరు చేతులూ సమానంగా ఉండేవి తక్కువ. అంటే మొదటి రోజే పిల్లల చేతికి జవాబు పత్రం ఇచ్చేశాను. రెండో రోజు వాళ్లు దాన్నే ఎక్కించారు.

నాటిలస్ సంగతైతే ఇంకా తమాషా. గోల్డెన్ రేషియో అంటే సుమారు 1.618 అనే నిష్పత్తి. దాంతో కట్టే గోల్డెన్ సర్పిలం ఒక్కో పావు చుట్టుకు 1.618 రెట్లు పెరుగుతుంది, పూర్తి చుట్టుకు సుమారు 6.85 రెట్లు. స్లయిడ్ ప్రింటు తీసి స్కేలు ఇచ్చి పిల్లలతోనే కొలిపించాను. గుల్ల ఒక చుట్టుకు మూడు రెట్ల దగ్గర ఆగింది. నాటిలస్‌ది నిజమైన లాగరిథమిక్ సర్పిలమే, ఎంత పెరిగినా ఆకారం మారనిది. గోల్డెన్ సర్పిలం మాత్రం కాదు. గళ్లు గీసినబ్బాయి మొహం చిన్నబోయింది. అందులో నా వంతూ ఉంది. గళ్ల మాట నేను అనకపోయినా, ఆ నిష్పత్తి నిజంగానే ఉన్న పొద్దుతిరుగుడు పక్కన ఆ గుల్లను పెట్టి చూపించింది నేనే.

మొదటి ప్రయత్నం: చూపు

పిల్లలు చూడ్డం లేదు కాబట్టి చూడ్డం నేర్పాలి అనుకున్నాను. డ్రాయింగ్ నేర్పే ఎవరికైనా ముందు తట్టేది ఇదే. కాగితం వంక చూడకుండా వస్తువునే చూస్తూ అంచు వెంట గీత లాగించాను. భూతద్దాలు ఇచ్చాను. ఆకు కింద పెట్టి పైన కాగితం మీద క్రేయాన్ రుద్దించాను. మూడో వారం, నాలుగో వారం దీనికే పోయాయి.

గీతలు నిజంగానే మారాయి. ఈనెలు వంగడం మొదలైంది, ఆకుల రెండు పక్కలూ వేరువేరుగా వచ్చాయి. కానీ ఇప్పుడు ప్రతి కాగితం మధ్యలో ఒక ఆకు, చుట్టూ తెల్లని ఖాళీ. వృక్షశాస్త్రం రికార్డు బుక్కులా ఉంది. ఇందులో నీ బొమ్మ ఏదీ అంటే పిల్లల దగ్గర జవాబు లేదు. ఒకరిద్దరు, 'దీన్ని ఎనిమిదిసార్లు తిప్పమంటారా టీచర్?' అని అడిగారు. మళ్లీ మొదటికే వచ్చామన్నమాట.

'క'తో అయితే అంతకంటే పొరపాటు చేశాను. ఆమె రబ్బరు తీసేసుకున్నాను. గీత గీసి చెరిపి మళ్లీ సౌష్ఠవం వైపే దిద్దుతోంది కాబట్టి, చెరపడం ఆగితే చూడ్డం మొదలవుతుందని నా లెక్క. కాగితం చూడకుండా గీసిన మొదటి బొమ్మ చూసుకుని ఆమె పేజీ చింపేసింది. ఆ రోజు ఇంకేమీ గీయలేదు. రబ్బరు అలవాటు కాదు, ఆమెకు అదొక ఆసరా. దాని బదులు చేతికి ఇంకేదీ ఇవ్వకుండా లాగేసుకున్నాను.

రెండో ప్రయత్నం: లెక్క

చూపుతో పై రూపం వరకే వెళ్లగలిగాం. ఆ రూపం ఎలా తయారైందో తెలిస్తే పిల్లలు దాన్ని తమ చేత్తో మళ్లీ పుట్టించగలరనుకున్నాను. ఈ ఆలోచన తప్పు కాదని ఇప్పటికీ అంటాను. దానికి నేను ఎంచుకున్న ఉదాహరణ మాత్రం తప్పు.

ఐదో వారం పొద్దుతిరుగుడు తీసుకున్నాను. పువ్వు నడుమ ఒక్కో కొత్త గింజ, ముందు గింజకు సుమారు 137.5 డిగ్రీల పక్కన పుడుతుంది. ఇదే అమరికను చుక్కలతో కట్టే సులువైన సూత్రం 1979లో హెల్ముట్ వోగెల్ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు: ఎన్నో చుక్క అయితే అన్ని 137.5 డిగ్రీలు తిరగాలి, కేంద్రం నుంచి దూరం ఆ సంఖ్యకు వర్గమూలం. సెంటీమీటర్లలో అయితే 4వ చుక్క 2 దగ్గర, 25వది 5 దగ్గర, 100వది 10 దగ్గర పడుతుంది. డ్రాయింగ్ షీటుకు సరిగ్గా సరిపోతుంది. ఒక్కో చుక్కనూ ముందు చుక్క నుంచి కొలిస్తే తప్పులు పేరుకుపోతాయి కాబట్టి కోణాల పట్టిక చేసి ఇచ్చాను: 137.5, 275, 52.5, 190, 327.5, అలా వందకీ.

ముప్పై చుక్కలు పడ్డాక క్లాసులో అలజడి మొదలైంది. ఎవరూ గీయకుండానే సర్పిలాలు కనబడుతున్నాయి. ఒక వైపు 13 వరుసలు, ఇంకో వైపు 21 లెక్కపెట్టి అరిచారు. ఇన్నేళ్లలో నా క్లాసుల్లో వచ్చిన మంచి అరుపుల్లో అదొకటి. చివర్లో సరదాగా ఒకరి కాగితం మీద ఒకరిది పెట్టి కిటికీ అద్దానికి ఆనించాం. చుక్కలు చుక్కల మీదే పడ్డాయి. పిల్లలు మురిసిపోయారు. నాకు నీరసం వచ్చింది. పదమూడు మంది చేతుల్లోంచి ఒకే బొమ్మ వచ్చింది. పిల్లలు ఎక్కడా ఏమీ ఎంచుకోలేదు, పట్టికే గీసింది.

పదమూడే ఎందుకంటే పద్నాలుగోది 'గ' కాగితం. పట్టిక చూసి వంద కోణాలు కొలవడం విసుగనిపించి, ఆమె అట్టముక్క ఒకటి కోసుకుని దాన్నే తిప్పుకుంటూ చుక్కలు పెట్టింది. కోణమానిని మీద 137.5 పట్టుకోవడం కష్టం, 135 దగ్గర గీత స్పష్టంగా ఉంది. ఆమె అట్ట 135కి తెగింది. 135 అంటే పూర్తి చుట్టులో ఎనిమిదింట మూడు వంతులు. కాబట్టి ప్రతి ఎనిమిదో చుక్కా మొదటి దిక్కుకే వచ్చి చేరింది. ఎనిమిది చేతులు, మధ్యలో బోలెడంత ఖాళీ.

'నాది పాడైపోయింది టీచర్' అంది. నేను పట్టిక చేతికిచ్చి కొత్త కాగితం మీద మళ్లీ పెట్టించాను. ఆమె పెట్టింది. ఈసారి బొమ్మ అందరిదాంట్లాగే వచ్చింది. మొక్క ఆ రెండున్నర డిగ్రీలు ఎందుకు విడిచిపెట్టదో, విడిచిపెడితే ఎంత చోటు వృథా అవుతుందో ఆ పాడైన కాగితం నా పాఠం కంటే బాగా చెబుతోంది. ఆ పూట ఆ మాట నా నోట రాలేదు.

బురద ట్రేలు

ఆరో వారానికి నాకు స్పష్టమైంది ఒక్కటే. సూత్రం ఉండాలి, కానీ అడుగడుగునా పిల్లలు ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చే సూత్రమై ఉండాలి. ముందే అంతా తేలిపోయే లెక్క పనికిరాదు. పైగా ఒక గీత ఎక్కడ ఆగాలన్నది అంతకుముందు గీసిన గీత చెప్పాలి. అలా పెరిగేది ఏముందని ఆలోచిస్తే ఎండిన బురదలో పగుళ్లు తట్టాయి.

ఏడు ట్రేలు, ఇద్దరికొకటి. బంకమట్టి మెత్తగా కలిపి పరిచారు. పగుళ్లు ఎలా వస్తాయో ముందే ఊహించి గీసిపెట్టుకోమన్నాను. అందరూ తేనెపట్టు గళ్లు గీశారు. వారం తర్వాత ట్రేలు చూస్తే ఒక్కదాంట్లోనూ తేనెపట్టు లేదు. పగుళ్లు కలిసే చోట్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషు టీ అక్షరంలా ఉన్నాయి. ఒక పగులు తిన్నగా పోతోంది, ఇంకొకటి పక్క నుంచి వచ్చి దాదాపు లంబంగా దానికి తగిలి ఆగిపోయింది.

'ఇందులో ఏది ముందు వచ్చింది?' అని అడిగాను. ఈ పది వారాల్లో నేను అడిగిన మంచి ప్రశ్న ఇదొక్కటేనేమో. ఒక నిమిషం అంతా మౌనం. తర్వాత వెనక బల్ల నుంచి జవాబు వచ్చింది: 'ఆగిపోయింది తర్వాత వచ్చింది టీచర్. ముందుది ఉంటేనే కదా ఆగేది.' అక్కడి నుంచి పిల్లలు ట్రేలను చదవడం మొదలుపెట్టారు. వేలు పెట్టి ఇది ఒకటోది, ఇది రెండోది, ఇది ఏడోది అంటూ వాదించుకున్నారు.

లంబంగానే ఎందుకు తగులుతుందో చెప్పాను. ఎండే మట్టి కుంచించుకుపోవాలని చూస్తుంది, అడుగు పట్టి ఉంచుతుంది, ఆ లాగుడుకు పగులుతుంది. పగులు వచ్చాక దానికి అడ్డంగా ఉన్న లాగుడు సడలిపోతుంది, దాని వెంట ఉన్న లాగుడు అలాగే మిగులుతుంది. మిగిలిన ఆ లాగుడును తెంపే కొత్త పగులు పాతదానికి లంబంగా రాక తప్పదు. అడుగు పట్టి ఉంచడం ఎంత అవసరమో మాకు అనుకోకుండా తెలిసింది. ఒక ట్రేలో, కడగడం తేలికని, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచాను. అందులో మట్టి అంచుల నుంచి ఊడి ఒక్క పలకలా కుంచించుకుంది. పగుళ్లు దాదాపు లేవు. ఆ జంట మొదట ఏడుపు మొహం పెట్టారు, తర్వాత తమ ట్రేనే అందరికీ చూపించి కారణం వివరించారు. తేనెపట్టు ఊహించినవాళ్లదీ పూర్తిగా తప్పు కాదు. అదే మట్టిని తడిపి ఆరబెట్టడం పదేపదే చేస్తూ పోతే కలిసే చోట్లు మెల్లగా 120 డిగ్రీల వైపు జరుగుతాయి. మాకు అంత వ్యవధి లేదు.

తర్వాత పెన్నులు ఇచ్చాను. నియమాలు రెండే. కొత్త గీత ఎక్కడైనా మొదలుకావచ్చు. పాత గీత తగిలితే దానికి లంబంగా తిరిగి ఆగిపోవాలి. అరగంటలో 14 కాగితాలూ నిండాయి, ఏ రెండూ ఒక్కలా లేవు. చక్రం ఒక్కటీ లేదు. నియమం ఒకటే అయినా గీత ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికివారే తేల్చుకోవాలి. ఆ ఎంపిక తర్వాతి గీతలన్నిటినీ మార్చేస్తుంది.

'గ' ఈ వారమే నన్ను ఆశ్చర్యపరిచింది. మట్టి పరిచేటప్పుడు ఆమె ట్రే ఒక పక్కకు వాలి ఉందట. ఒక అంచున మట్టి పలచగా, ఇంకో అంచున మందంగా ఎండింది. పలచటి చోట చిన్న చిన్న పెళ్లలు, మందపు చోట పెద్ద పెళ్లలు. పొర మందాన్ని బట్టే పగుళ్ల మధ్య దూరం ఉంటుంది మరి. ఆమె దాన్ని చూసి, 'దీన్ని కావాలని చెయ్యొచ్చు కదా టీచర్?' అంది. తర్వాతి రెండు వారాల్లో మూడు ట్రేలు పోసింది. ఒకదాన్ని ఒక మూలకు వాల్చింది, ఒకదాంట్లో మధ్యలో గుంత చేసింది. ప్రదర్శనలో ఆమె పెట్టింది కాగితం కాదు, ఎండిన మట్టి పలక. ఒక కొస ఇసుకలా సన్నగా మొదలై, రెండో కొసకు అరచేయంత పెళ్లలతో ముగిసింది.

పాడైన చోట్లు

ఒక ట్రేలో పగుళ్లు ఒక చోటి నుంచి నక్షత్రంలా చీలాయి. తవ్వి చూస్తే కింద గులకరాయి. మట్టి సరిగ్గా జల్లించలేదన్నమాట. పిల్లలకు ఆ ట్రే మిగతా అన్నిటికంటే నచ్చింది. ఎందుకని అడిగితే, 'ఇక్కడ ఏదో జరిగింది అని తెలుస్తోంది' అన్నాడు ఒకబ్బాయి.

ఆ మాటకు నాకు మూడు వారాల నాటి 135 డిగ్రీల కాగితం గుర్తొచ్చింది. అదృష్టం కొద్దీ 'గ' దాన్ని పారెయ్యలేదు, దాని వెనక వైపు లెక్కలు చేసుకుంది. గోడకు అంటించి, పక్కనే సరైన పొద్దుతిరుగుడు పెట్టి, దేన్ని చూస్తే ఎక్కువ ప్రశ్నలు వస్తున్నాయో చెప్పమన్నాను. దాన్ని దిద్దించడం నా తప్పని ఆమెకు అందరి ముందే చెప్పాను. ఆమె భుజాలు ఎగరేసి ఊరుకుంది.

ఎనిమిదో వారం పని పూర్తిగా మార్చేశాను. అందమైన వస్తువులు వద్దు, అమరిక ఎక్కడో ఒక చోట తప్పిన వస్తువు తెమ్మన్నాను. పురుగు తిన్న ఆకులు, మొగ్గ విరిగి పక్క నుంచి చిగురు తొడిగిన కొమ్మలు, తెగిన కొమ్మ చుట్టూ ఉబ్బిన బెరడు, ఒక పక్క చితికి వరుసలు ఒరిగిన పైన్ కాయ వచ్చాయి. అడిగినవి రెండు ప్రశ్నలు: నియమం ఎక్కడ తప్పింది? తప్పాక ఎలా సర్దుకుంది?

ఇలా అడగడానికి నా తర్కం ఇది. నియమం సజావుగా సాగినంతసేపూ అది కంటికి ఆనదు, డిజైన్‌లా కనబడుతుంది. అడ్డం తగిలినప్పుడే అది పనిచేస్తున్నట్టు తెలుస్తుంది. పైన్ కాయలో 8, 13 వరుసలు లెక్కపెట్టడం ఒక ఎత్తు. చితికిన చోట ఆ వరుసలు ఎటు ఒరిగి మళ్లీ ఎక్కడ కలుసుకున్నాయో వెతకడం ఇంకో ఎత్తు. రెండోది చెయ్యాలంటే వస్తువును చూడక తప్పదు. జ్ఞాపకం నుంచి గీసే వీలే లేదు.

'క' బొమ్మ

ఆమె ఆకు ఇంకా పెట్టెలోనే ఉంది, కాస్త ఎండింది. ఈసారి మంచిది ఇవ్వమని అడగలేదు. భూతద్దంతో కన్నం అంచు చూసింది. ఆ ఆకులో ఈనెలు వలలా అల్లుకుని ఉన్నాయి. ఒక చోట తెగినా నీరు పక్క ఈనెలోంచి చుట్టు తిరిగి అవతలికి చేరుతుంది. అందుకే కన్నం అవతల ఆకు పచ్చగానే మిగిలింది. ఇది ఆమెకు చాలాసేపు నమ్మశక్యం కాలేదు. 'మరి ఇది చచ్చిపోలేదా?' అని రెండుసార్లు అడిగింది.

ఇక్కడ నేను తీసుకోవాల్సిన నిర్ణయం మళ్లీ రబ్బరు గురించే. ఈసారి లాక్కోలేదు. బల్ల మీదే ఉంచి, చేతికి పెన్ను ఇచ్చి ఒక నియమం చెప్పాను: ముందు కన్నం పెట్టు, తర్వాత ఈనెలు గీయి. ఏ ఈనె అయినా అడ్డం తగిలితే పక్కకు తిరగాలి. పొరపాటున గీత పడితే అదీ అడ్డమే, తర్వాతి ఈనెలు దాన్నీ చుట్టుకుని పోవాలి. కాగితం చూడకుండా గీసిన రోజు తప్పు గీత ఆమెకు వైఫల్యంలా కనిపించింది, ఎందుకంటే దాని తర్వాత ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. ఇప్పుడు తప్పు గీతకు కూడా నియమంలో చోటుంది.

మొదటి కాగితంలో కన్నం సరిగ్గా మధ్యలో పెట్టింది. ఈనెలు దాని చుట్టూ చక్రంలా వచ్చాయి. నేనేమీ అనకముందే తలెత్తి, 'మళ్లీ అదే వచ్చింది టీచర్' అంది. రెండోదాంట్లో కన్నం ఒక మూలకు పోయింది, ఈనెలకు దానితో పనే పడలేదు. అలా ఏడు కాగితాలు. ఎక్కడ పెడితే ఎన్ని ఈనెలు దారి మార్చుకోవాల్సి వస్తుందో వెతుకుతోందని నాలుగోదాని దగ్గర నాకు అర్థమైంది. ఆ వెతుకులాటలో నేను ఒక్కసారే నోరు విప్పాను. అప్పుడు కూడా కాగితం అయిపోయిందా అని అడగడానికి.

చివరి బొమ్మ పెద్ద షీటు మీద. కన్నం కింద ఎడమ పక్కన, క్రేయాన్ మైనం రుద్దిన తెల్లని మరక. మీద పోసిన పలచటి ఇంకు అక్కడ నిలవదు. నడి ఈనె దాని దగ్గరికి వచ్చేసరికి కాస్త వంగుతుంది. ఎడమ పక్క ఈనెలు మరక చుట్టూ ఒత్తుకుని, అవతలకు వెళ్లాక మళ్లీ విడివడతాయి. ఒక చోట పెన్ను జారిన గీత ఉంది, దాని చుట్టూ కూడా మూడు ఈనెలు తిరిగాయి. ఆకు అంచు ఎక్కడా గీయలేదు. ఎందుకని అడిగితే, 'ఈనెలు ఆగిన చోటే అంచు' అంది.

ఫలించనివి

అందరికీ ఇలా కుదరలేదు. నాటిలస్ గళ్ల అబ్బాయి కొలత తప్పిన రోజు నుంచి స్కేలు వదల్లేదు. లాగరిథమిక్ సర్పిలం కచ్చితంగా గీయాలని పట్టుబట్టి, పదో వారానికి సగంలో ఆగాడు. అతన్ని క్లాసు ముందు తప్పు పట్టినట్టయింది, ఆ గుచ్చుకోవడం నేను తీయలేకపోయాను. ఒంటరిగా కూర్చోబెట్టి కొలిపించి ఉంటే వేరేగా ఉండేదేమో.

ఇంకొక అమ్మాయి చక్రాలు మానలేదు. కారణం అడిగితే, 'నాకు ఇవంటే ఇష్టం' అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండక్కర్లేదు కూడా. ఆమెకు చుక్కల పద్ధతి అప్పగించి, కోణం కొద్దికొద్దిగా మారుస్తూ ఆరు కాగితాలు చెయ్యమన్నాను. పక్కపక్కన పెడితే చక్రం మెల్లగా విరిగి సర్పిలమవుతుంది. అందులో ఆమె సొంత ఎంపిక ఎంత అంటే, రంగుల వరకు. అంత చాలనుకున్నాను.

పదో వారం మూడో వారపు పరీక్ష మళ్లీ పెట్టాను, కాస్త మార్చి. వస్తువు దాచేశాక గీయమనలేదు. మీ బొమ్మలో ఏ గీత ముందు, ఏది తర్వాత, ఎందుకు అని చెప్పమన్నాను. పద్నాలుగు మందిలో పదకొండు మంది వేలు పెట్టి చూపిస్తూ చెప్పగలిగారు. అప్పుడు హెకెల్ స్లయిడ్లు మళ్లీ వేశాను. ఈసారి ఆహా అనలేదు, దగ్గరికొచ్చి వెతికారు. 'ఇందులో ఒక్కటి కూడా విరగలేదేంటి టీచర్?' అంది 'గ'.

తర్వాతి బ్యాచ్‌కి మార్చుకున్నవి

స్లయిడ్లు మొదటి వారం నుంచి చివరికి జరిపాను. ఇది అన్నిటికంటే తేలికైన మార్పు, అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చిందీ ఇదే. మొదటి క్లాసులోనే మట్టి కలుపుతున్నాం. పొద్దుతిరుగుడు చుక్కలు తీసెయ్యలేదు, ఆ అరుపు వదులుకోవడం నా వల్ల కాదు. కానీ పట్టిక అందరికీ ఇవ్వను. సగం మందికి 137.5, మిగతావాళ్లకు 135, 140, 144 ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చానో చెప్పకుండా గోడకు పెట్టిస్తాను. 144 వచ్చినవాళ్లకు ఐదు చేతులు వస్తాయి. ఎందుకో వాళ్లే కనిపెట్టాలి.

గులకరాయి నేనే ముందుగా ట్రేలో పెట్టాలా, దానంతట అది వచ్చేదాకా ఆగాలా అన్నది తేల్చుకోలేదు. నేను పెడితే పిల్లలు పసిగట్టేస్తారు. ప్రస్తుతానికి మట్టి జల్లించడం మానేశాను.